తొమ్మిది తేడా

రక్తం ట్యూబుల మీద అంటించే నంబర్లను అచ్చువేసే మిషను చెడిపోయి నాలుగు రోజులైంది. అప్పట్నుంచీ ల్యాబులో ఆ నంబర్లన్నీ ఆమే చేత్తో రాస్తోంది. ఒక్కొక్కటీ ఎనిమిది అంకెలు. ఇంట్లో చంటిదానికి పళ్లొస్తున్నాయి, మూడు రాత్రులుగా ఆమె కంటి మీద కునుకు లేదు. మధ్యాహ్నమయ్యేసరికి అంకెలు చీమల్లా పాకుతున్నాయి.

రాసింది సరిచూసుకోవడానికి ఆమెకొక కిటుకుంది. అంకెలన్నీ కూడాలి, వచ్చినదాన్ని మళ్లీ కూడాలి, ఒక్క అంకె మిగిలేదాకా. పరీక్ష చీటీకీ ట్యూబుకీ అదే అంకె వస్తే సరిపోయినట్టే. ఏడో తరగతిలో లెక్కల మాస్టారు నేర్పాడు. ఆ ఏడే బడి మానిపించారు. చదువులో ఆమెకు దక్కింది అదొక్కటే, అందుకే దాని మీద అంత నమ్మకం.

"ఏమ్మా, ఒకసారి ఇటు రా," అని పరీక్షలు చేసే ఆయన పిలిచాడు. ల్యాబులో అందరికీ ఆయన అన్నయ్యే.

బల్ల మీద రెండు ట్యూబులు. రెండింటి మీదా 61830954.

"వీళ్లేమన్నా కవలలా? పుస్తకంలో ఒకరి నంబరు చివర నలభై అయిదు, ఇంకొకరిది యాభై నాలుగు."

"కూడి చూశానన్నయ్యా. రెండుసార్లూ తొమ్మిదే వచ్చింది."

"రాక ఏం చేస్తుంది తల్లీ! నాలుగూ అయిదూ చోటు మార్చుకున్నా మొత్తం ముప్పై ఆరే. అంకెలు అటూ ఇటూ అయితే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదో ఎక్కంలోనే ఉంటుంది. నీ కిటుకు తొమ్మిదుల్ని లెక్కలోకే తీసుకోదు. ఇక దొంగ ఎలా దొరుకుతాడు?"

నమ్మలేక ఆమె చీటీ వెనక తీసివేతలు వేసింది. యాభై నాలుగులోంచి నలభై అయిదు, తొమ్మిది. తొంభై ఒకటిలోంచి పంతొమ్మిది, డెబ్బై రెండు. ఎనిమిది తొమ్మిదులు. ఇంకొకటి వేయబోయి పెన్ను పక్కన పెట్టేసింది.

"వీళ్లిద్దరిలో ఒకరికి ఒంట్లో రక్తం మరీ తక్కువుంది. ఇవాళే మందు మొదలెట్టాలి. ఎవరి బిడ్డో తెలీదు," అని ఆయన గొంతు తగ్గించాడు. "ట్యూబులు పగిలాయని చెప్పి మళ్లీ తీయిద్దాం. నీ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు."

ఆమెకు ఆశ పుట్టింది. అంతలోనే మిగతా ట్యూబులన్నీ గుర్తొచ్చాయి.

"పగిలాయంటే ఈ రెండూ గట్టెక్కుతాయన్నయ్యా. ఈ నాలుగు రోజులూ అలాగే సరిచూశాను. ఒకరిది ఇంకొకరికి రాసుంటే ఎవరు వెతుకుతారు?"

ఆయన పుస్తకంలో నాలుగు రోజుల వెనక్కి పేజీలు తిప్పాడు.

బయట బల్ల మీద ఇద్దరు తల్లులు కూర్చుని ఉన్నారు. ఆమె వాళ్ల ముందు నిలబడింది. "నంబరు నేనే తప్పు రాశాను. పిల్లలిద్దరికీ మళ్లీ రక్తం తీయాలి."

"నీ నిద్రమత్తుకి మా పాపకు మళ్లీ సూదా?" మొదటావిడ లేచి మీదికొచ్చింది. "నీకు పిల్లల్లేరా? రేపటికి నువ్విక్కడ ఉంటే అడుగు!"

ఆమె తల దించుకుని నిలబడింది.

రెండో ఆవిడ గోడకు ఆనించిన తల ఎత్తలేదు. ఒళ్లోని పిల్లాడి చొక్కా చెయ్యి మెల్లగా పైకి మడిచింది.

"మావాడికి ముందు తీసెయ్యమ్మా. ఇప్పుడే పడుకున్నాడు."