నాయనివారి చిన్నబిడ్డ

నా కూతురు ఇక ఎప్పటికీ నన్ను పిలవదేమో. అన్నిటికన్నా నాకు ఎక్కువ భయం ఇదే.

సాజియాకు ఆరేళ్లు. మాది ప్రొద్దుటూరు. దాని అబ్బా, అంటే మా ఆయన నయీం, కువైట్‌లో ఉంటాడు. జమ్మలమడుగు దగ్గర గండికోటలో టీవీ సీరియల్ తీస్తున్నారని, చిన్నపిల్ల కావాలంటున్నారని పక్కింటి ప్రమీలమ్మ చెబితే తీసుకుపోయాను. కథ ఏమిటంటే, ఈ కాలపు కాలేజీ అమ్మాయి ఒకతె కోటలో కాలుజారి ఐదువందల ఏళ్లు వెనక్కి పోయి పడుతుంది. అక్కడ నాయనివారని పెద్ద వంశం. ఆ అమ్మాయికి అన్నం పెట్టి దాచిందని నాయనివారు తమ ఇంటి చిన్నబిడ్డనే ధాన్యం పాతరలోకి దించి మూత వేయిస్తారు. ఆ చిన్నబిడ్డే సాజియా.

తలపాగా, ఉత్తుత్తి వజ్రాలు పెట్టుకున్న తాత వేషగాడు, పెద్ద నాయనివారు, కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. మా వెంట వచ్చిన ప్రమీలమ్మ ఊరుకోలేదు.

"ఏం దొరా, సొంత మనవరాలిని గుంతలో ఏస్తాండావంట. అన్నమే తింటాండావా?"

"నేనేం చేస్తానమ్మా, వెయ్యమని రాశారు," అని ఆయన నవ్వాడు.

డైరెక్టర్ అభిలాష్ కోస్తా మనిషి. పాతరలోంచి పాప ఆ కాలేజీ అమ్మాయిని పిలవాలి. కాగితంలో అక్కా అని ఉంటే కొట్టేశాడు.

"మీ సైడు ఆడపిల్లల్ని అమ్మీ అంటారుగా? అదే పెడదాం. సీమ వాసన వస్తుంది."

"అంటాం అప్పా, రామ్మీ, పోమ్మీ అని," అంది ప్రమీలమ్మ.

మా ఇళ్లలో అమ్మీ అంటే తల్లి. సాజియా నన్ను పిలిచేది అట్లాగే. చెబుదామని నోటిదాకా వచ్చింది. ఎనిమిదో తరగతిలోనే బడి మానినదాన్ని, అంతమంది ముందు తప్పు మాట్లాడతానేమోనని మింగేశాను. పాపకు గుర్తుండే మాటేలే అని కూడా అనుకున్నాను.

పాతర అంటే వాళ్లు రాళ్లు పేర్చి కట్టిన మనిషిలోతు గుంత. మొహం కెమెరాలో తీయడం ముందే అయిపోయింది, ఇక గొంతు చాలన్నారు. పాపను దించి, చిన్న మైకు తగిలించి, పైన చెక్కమూత పెట్టారు.

"అమ్మీ, నన్ను తియ్యి," అంది చెప్పినట్టే. రెండోసారీ చెప్పినట్టే. మూడోసారి అరిచింది. తర్వాత ఆపకుండా అమ్మీ, అమ్మీ అని గొంతు చీలేలా అరిచింది.

"బిడ్డ శానా బాగా చేస్తాంది మే మసరత్," అని ప్రమీలమ్మ నా చెవిలో అంది.

అభిలాష్ చెయ్యెత్తాడు. "ఎవరూ కదలకండి. ఇలాంటిది మళ్లీ రాదు."

నేను కదల్లేదు. ఎదురుగా నిలబడిన ఒకామె నా వైపు చూస్తే, మా పాపే అని సైగ చేసి నవ్వాను.

మూత తీసేసరికి నాలుగు నిమిషాలు. పాప కాలు వాచిపోయింది. పట్టులంగా అంచు మీద తేలు.

జమ్మలమడుగు ఆసుపత్రిలో మూడు రోజులున్నాం. బతికింది. ప్రమీలమ్మతో మాట్లాడుతుంది, తోటిపిల్లలతో ఆడుకుంటుంది. నన్ను మాత్రం పిలవదు. దప్పికైతే ఖాళీ గ్లాసు తెచ్చి నా ముందు పెడుతుంది. ఒకరోజు ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎందుకని అడిగాను.

"పిలిచినా కదా," అంది.

ఆ అరుపు తీసేయమని అభిలాష్‌కు ఫోన్ చేసి ఏడ్చాను. "అదేంటమ్మా, ఎపిసోడ్‌కి ప్రాణమే అది," అన్నాడు. ఆ ముక్కనే రోజూ ప్రకటనలో వేస్తున్నారు. సాయంత్రం ఏడున్నరయితే మా వీధిలో ప్రతి ఇంట్లోంచీ నా కూతురు నన్ను పిలుస్తుంది. సాజియా చెవులు మూసుకోదు. నా మొహమే చూస్తూ కూర్చుంటుంది.

నిన్న ప్రమీలమ్మ ఒక మాట చెప్పింది. జనానికి నచ్చిందని నాయనివారి చిన్నబిడ్డను ఇంకోసారి పాతరలో వేస్తారట. సాజియా బదులు పులివెందుల పిల్లను తీసుకున్నారట. పేరు హేమమాలిని, ఐదేళ్లు. తల్లి కృష్ణవేణమ్మ బస్టాండు దగ్గర పూలు కడుతుంది. షూటింగ్ సోమవారం. ఆమె నంబరు నాకు దొరకలేదు, సాజియాను వదిలి నేను కదలలేను. మీది పులివెందుల అయితే, ఈ ఆదివారంలోపు బస్టాండు దాకా పోయి ఆ బిడ్డ ఎట్లా ఉందో చూసి, ఆ తల్లికి ఇదంతా చెప్పి రండి.