నోటి నిండా నీళ్లు

తిమ్మయ్య స్టీలు గ్లాసెత్తి నోటి నిండా నీళ్లు పోసుకుని, మింగకుండా, ఇస్త్రీపెట్టె అందుకున్నాడు. వెనక గదిలో రెడ్డెమ్మ అప్పటికే గొంతెత్తింది.

“ఇస్త్రీ చేసిందే మళ్లా చేస్తాండావు. ఆ గుడ్డలోళ్లు ఊరిడ్సి పోయి నెలా పది దినాలాయ. ఎవురొచ్చి తొడుక్కుంటారని? నేను పోనంటే పోను. ఊరికి పోయే ఆ బస్సూ వద్దు, ఏం వద్దు. ఇనపడిందా?”

వినపడింది. కువైటులోని హవల్లీలో ఆ సందు చివరిదాకా వినపడే ఉంటుంది. తిమ్మయ్య రెండు బుగ్గలూ ఉబ్బించుకుని, అరబ్బులు మడమల దాకా తొడుక్కునే తెల్లటి దిష్‌దాషా చేతిని బల్లమీద పరిచి, భుజం నుంచి మణికట్టు దాకా పెట్టెను నెమ్మదిగా తోశాడు. పెట్టె బరువుకు అతని కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి దిగిపోయి ఉంటుంది. ఎడమ చేతిమీద పాత కాలిన మచ్చ, నున్నగా, వెంట్రుకలు మొలవకుండా మెరుస్తుంది. యాభై దాటిన మనిషి. పగలంతా నిలబడే ఉండటం వల్ల పిక్కలమీద నరాలు తాళ్లలా తేలాయి.

నీళ్లు పట్టడం తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. రాయచోటి బస్టాండు పక్కన తోపుడుబండి మీద ఇస్త్రీ చేసే ఆ తండ్రి నోట్లో నీళ్లు పట్టి, మంచు కురిసినట్టు బట్టలమీద ఊదేవాడు. కువైటు వచ్చిన మొదటి రోజే తిమ్మయ్య అలా ఊదబోతే లాండ్రీ మేనేజరు లబోదిబోమని, పిచికారీ సీసా తెచ్చి చేతిలో పెట్టాడు. ఊదడం మానేశాడు కానీ నీళ్లు పట్టడం మానలేదు. మేనేజరు అరిచినప్పుడల్లా ఒక గుక్క పట్టేవాడు. ఎంత మాట వచ్చినా నోరు తెరవడానికి వీల్లేదు గదా. ఆ నీళ్లు నోట్లోనే వెచ్చబడేసరికి అవతలివాడి కోపం చల్లారేది, తన కోపమూ చల్లారేది. అప్పుడు మింగేవాడు. ‘వీడికి ఒంటెకున్నంత దాహం’ అని మేనేజరు నవ్వేవాడు. ఎందరో పోట్లాడి మానేసిన ఆ దుకాణంలో తిమ్మయ్య పదకొండేళ్లు నిలబడ్డాడు.

ఇంట్లో మాత్రం ఆ అవసరం ఎన్నడూ రాలేదు. అసలు ఇల్లంటూ ఉంటే గదా. రెడ్డెమ్మ వచ్చి తొమ్మిదేళ్లు. దూరంగా ఒక అరబ్బుల ఇంట్లో పని. శుక్రవారం మధ్యాహ్నం రెండు నుంచి ఆరుదాకా సెలవు. ఆ నాలుగు గంటల్లో ఆమె మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఇచ్చిన అన్నం డబ్బా విప్పేది, అతను ఆమె చీర ఇస్త్రీ చేసి ఇచ్చేవాడు. పిల్లలు లేరు. పోట్లాడుకోవడానికి తీరికా లేదు.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఇరాకు సైన్యం కువైటు మీదికి వచ్చింది. నాలుగో రోజున మామా రెడ్డెమ్మ పాస్‌పోర్టు ఆమె చేతిలో పెట్టి, ఏడ్చి, పిల్లల్ని కార్లో ఎక్కించుకుని ఎడారి దారిన వెళ్లిపోయింది. రెడ్డెమ్మ మూట నెత్తిన పెట్టుకుని ఎండలో నడిచి లాండ్రీకి వచ్చింది. మేనేజరు అంతకుముందు రోజే వెళ్లిపోయాడు. దుకాణం వెనక గదిలో ఆ దంపతులిద్దరూ, పెళ్లైన ఇరవై రెండేళ్లకు, మొదటిసారి రోజూ ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నారు. మొదటి వారం ఆమె పప్పులో ఎండుమిర్చి వేయించిన వాసనకు అతని కళ్లు చెమర్చాయి.

తర్వాత మొదలైంది. వీధిలో లారీ చప్పుడైతే చాలు, రెడ్డెమ్మ అరిచేది. ఉప్పు మూత పెట్టలేదని, దుప్పటి మడవలేదని, ఏదో ఒకటి. తిమ్మయ్య భయం వేరేలా ఉండేది. పెట్టె పట్టుకుంటే తగ్గేది. అందుకే మనుషులు వదిలేసి పోయిన రెండు వందల దిష్‌దాషాలను వరస తప్పకుండా మళ్లీ మళ్లీ ఇస్త్రీ చేస్తున్నాడు. ఆమె అరిచేకొద్దీ అతను నీళ్లు పట్టేవాడు. అతను పలకకపోయేకొద్దీ ఆమె ఇంకా అరిచేది.

“గోడకు చెప్పినా పెచ్చన్నా రాల్తాది!” అంది లోపల్నుంచి రెడ్డెమ్మ.

అప్పుడే గుమ్మంలో నీడ పడింది. ఇరాకీ సైనికుడు. పాతికేళ్లుండవు. చంకలో నలిగిన చొక్కా, భుజాన తుపాకీ. అరబ్బీలో ఏదో అడిగాడు. తిమ్మయ్య నోట్లో నీళ్లున్నాయి. మింగుదామనుకున్నాడు, గుటక పడలేదు. సైనికుడు మళ్లీ అడిగాడు. మూడోసారి అడిగినప్పుడు తుపాకీ భుజం మీంచి చేతిలోకి వచ్చింది.

రెడ్డెమ్మ తడిచేతులతో పరుగెత్తుకొచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. తన నాలుక బయటపెట్టి, వేలితో చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. “మాఫీ కలామ్! మాఫీ కలామ్! మిస్కీన్, బాబా, మిస్కీన్!” మాట రాదు, పాపం అమాయకుడని.

సైనికుడు ఉబ్బిన బుగ్గలకేసి చాలాసేపు చూశాడు. తుపాకీ భుజానికి తగిలించుకుని, చొక్కా బల్లమీద పడేశాడు. తిమ్మయ్య ఇస్త్రీ చేసిచ్చాడు. కాలరు రెండుసార్లు చేశాడు.

అతను వెళ్లాక రెడ్డెమ్మ నేలమీద కూలబడింది. నెల రోజుల్లో మొదటిసారి ఆమె గొంతు తగ్గింది.

“నేను బస్సెక్కి పోతే, నువ్వు మూగోడివని ఎవురు చెప్తారు వాళ్లకు?”

ఇన్ని రోజుల అరుపుల వెనక ఉన్నది ఇదా! తిమ్మయ్యకు ఇప్పుడు గుటక పడింది. నీళ్లు మింగాడు.

“నేనే చెప్తాలే.”

“మూగోడు ఎట్ట చెప్తాడయ్యా?”

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆమె నవ్వుతూనే పైట కళ్లకు అడ్డం పెట్టుకుంది.

ఆమె పాస్‌పోర్టు ఆమె దగ్గరుంది. బస్సులో పేరుంది. తిమ్మయ్యది అతనికి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఇనప్పెట్టెలో ఉంది. కఫీల్ ఎండలకు ఏ దేశం పోయాడో తెలియదు. దానికి బదులు కాగితం ఎంబసీ నుంచి పది రోజుల్లో రావచ్చన్నారు. రాకపోవచ్చునని ఎవరూ అనలేదు.

“నాకు నాలుగు అరబ్బీ మాటలు నేర్పు. అడిగితే మాట్లాడతా” అన్నాడు తిమ్మయ్య. ఇన్నేళ్లూ గిరాకీలతో మాటలన్నీ మేనేజరువే.

రెడ్డెమ్మ లేచింది. బట్టలు తగిలించే కొయ్య హ్యాంగరొకటి తుపాకీలా భుజాన తగిలించుకుని, బల్లకు అవతల నిలబడి కళ్లెర్రజేసింది.

“షిస్మక్?”

“తిమ్మయ్య.”

“గట్టిగా చెప్పు. దేవునికి మొక్కుకున్నట్టు గొణుగుతావేంది? వైన్ ముదీర్?”

“మేనేజరు... సాఫర్. ఊరికి పోయినాడు.”

“నువ్వు?”

“హిందీ. నేను హిందీ.” ఇండియా మనిషినని.

పదిసార్లు అడిగింది. ఎనిమిదిసార్లు తిట్టింది. పదోసారి హ్యాంగరు దించి తల ఊపింది.

“ఇంగ పో” అన్నాడతను. “నీ ఎనకాల బస్సులో నేనుంటా.”

ఆమె చీర తెచ్చి బల్లమీద పెట్టింది. అతను కుచ్చెళ్లొచ్చే చోట పెట్టెను ఆపి ఆపి ఇస్త్రీ చేశాడు. ఆమె పక్కనే నిలబడి చూసింది. లారీ ఒకటి పోయినా అరవలేదు.

సాయంత్రం అసర్ నమాజు వేళకు జిలానీ బాషా వచ్చాడు. కడప మనిషి, మనవాళ్లను పోగుచేసి బస్సులెక్కిస్తున్న డ్రైవరు.

“యల్లా, పద రెడ్డెమ్మక్కా! తిట్టినా ఉలక్కుండా నిలబడేదానికి బస్సేమన్నా మీ తిమ్మన్నా? పోతే పోయిందే!”

రెడ్డెమ్మ సంచీ అందుకుంది. బల్ల దగ్గర ఆగింది. స్టీలు గ్లాసెత్తి నోటి నిండా నీళ్లు పోసుకుని, మింగకుండా, గ్లాసు అక్కడే పెట్టి నడిచింది.

మనవాళ్లంతా పోగైన బడి ముందు బస్సు చుట్టూ ఏడుపులు, పిలుపులు. బస్రా, బాగ్దాదు, ఆపైన జోర్డాను, ఆపైన విమానం. రెడ్డెమ్మ కిటికీ పక్కన కూర్చుంది. బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కింద నిలబడి తిమ్మయ్యే మాట్లాడాడు.

“మందుబిళ్లలు సంచీ అడుగున ఉండాయి. రొట్టెలు రేపటికుంచుకో. ఎవురన్నా కసిరితే కసరనీ, నువ్వేం అనొద్దు. ఇన్ని దినాలూ... నువ్వు అరుస్తాంటే నాకు ఇల్లున్నట్టుండాది, రెడ్డెమ్మా. నీకు చెప్పలేదు.”

ఆమె ప్రతి మాటకూ తల ఊపింది. చివరి మాటకు ఊపలేదు. కిటికీలోంచి చెయ్యి చాపి, అతని కిందికి జారిన భుజాన్ని కాస్త పైకెత్తినట్టు పట్టుకుంది. బస్సు కదిలింది. ఆ నీళ్లు ఆమె ఎక్కడిదాకా మోసిందో, ఏ మలుపులో మింగిందో అతనికి తెలియలేదు.

తిమ్మయ్య తిరిగొచ్చి దుకాణం తెరిచాడు. వెనక గదిలో చప్పుడు లేదు. వరసలోంచి ఇంకో దిష్‌దాషా తీసి పరిచాడు. పిచికారీ సీసాతో చిలకరించి, పెట్టె అందుకున్నాడు. “తిమ్మయ్య. హిందీ. ముదీర్ సాఫర్” అన్నాడు పైకి, ఎవరూ లేని దుకాణంతో. ఇంకోసారి, ఇంకా గట్టిగా అన్నాడు.

బల్ల చివర, ఆమె పెట్టిన చోటే, స్టీలు గ్లాసు సగం నీళ్లతో ఉంది. పెట్టె కదిలినప్పుడల్లా ఆ నీళ్లు సన్నగా వణుకుతున్నాయి.