గిన్నె కింద పీట

కబురు వచ్చినప్పుడు ఉయెన్ చేతిలో మామగారి గిన్నె ఉంది. రెండు చేతులతో అందుకుని, అన్నం పెట్టి, మళ్ళీ రెండు చేతులతో అందించేలోపు జేబులో ఫోను రెండుసార్లు వణికింది. చాప మీద తొమ్మిది మంది. అన్నం కుక్కరు ఎప్పటిలాగే కోడలి మోకాలి పక్కన. ఆడబిడ్డ గిన్నె, మరిది గిన్నె, ఆ తర్వాత భర్త ఖాయ్ గిన్నె. అందరివీ అయ్యాక, కుక్కరు మూత సర్దుతున్నట్టు తల వంచి చదువుకుంది.

'ఆ జపాన్ హోటలు వాళ్ళకి నీ గిన్నె నచ్చింది. ఆరు వందలు కావాలట. నచ్చుతుందనే ముందే కాల్చేశాను, రేపు పొద్దున ఆరింటికి మొదటి బట్టీ తెరుస్తున్నాం. గిన్నె గీసిన మనిషే వచ్చి మంచివి ఏరాలి. నువ్వు ఏరిన వాటి అడుగున నీ పేరే ఎర్ర ముద్ర వేద్దాం.'

పంపింది న్యాన్ పిన్ని. బాత్‌చాంగ్‌లో ఉయెన్ పనిచేసే కుండల కార్ఖానా ఆవిడదే. నలభై ఏళ్ళుగా ఆ కార్ఖానా నుంచి బయటికి వెళ్ళిన దేని మీదా కార్ఖానా ముద్ర తప్ప మనిషి పేరు లేదు.

ఉయెన్ కూర్చున్నచోటే ఎగిరినంత పని చేసి, అందరికీ చెప్పేసింది.

"మంచిదే," అన్నారు అత్తగారు. "ఆ రొయ్యలు ఇటు జరుపు. రేపు తాతగారి తద్దినమని గుర్తుందిగా? నలభై మంది."

"పదకొండుకల్లా వచ్చేస్తానమ్మా. బియ్యపు రేకుల రోల్స్ ఇవాళే చుట్టేస్తాను."

ఖాయ్ మాత్రం గిన్నె పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. "శ్రీమతిగారూ! సాయంత్రం ఆ హోటలుకే పోదాం. మనిద్దరమే. నీ గిన్నెలోనే తిందాం!"

ఎనిమిది నెలల పెళ్ళి. అతనలా పిలిస్తే ఇప్పటికీ ఆమెకి చెవులు వేడెక్కుతాయి. మధ్యాహ్నమంతా నూట ఇరవై రోల్స్ చుడుతూ పాటలు పాడుకుంది. ఆకుపచ్చ గౌను మూడుసార్లు వేసి విప్పి, నాలుగోసారి అదే వేసుకుంది. బయల్దేరేముందు ఖాయ్ ఆమె హెల్మెట్ పట్టీ తనే బిగించాడు, జుట్టు చిక్కుకోకుండా వేలు అడ్డం పెట్టి మరీ. ఆ వేలి కోసమే ఇతన్ని చేసుకున్నాను అనుకుంది ఆమె, బండి వెనక కూర్చుని, చెరువు గాలికి కళ్ళు మూసుకుంటూ.

హోటలు చిన్నది, చీకటిగా, ముచ్చటగా ఉంది. పచ్చి సాల్మన్ ముక్కల మీద పుల్ల మామిడి తురుము, చేప సాసు చుక్కలు. ఉయెన్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని నవ్వేసింది. పక్క టేబుల్ దగ్గర ఒక ముసలాయన, వేలు ఆనించి తిప్పుతూ, ఆమె గీసిన గిన్నెని చూస్తున్నాడు. నమూనాగా పంపిన ఇరవైలో ఒకటి. తన బిడ్డని ఎవరో ఎత్తుకుని ముద్దాడుతున్నట్టనిపించింది ఆమెకి.

వంటవాడు కియెట్ కుర్రతనం పోని మనిషి. ఒసాకాలో నేర్చుకుని వచ్చాడు. ఏప్రానుకి చేతులు తుడుచుకుంటూ వాళ్ళ దగ్గరికే వచ్చాడు.

"అక్కా, ఒక్క మాట చెప్పు. గిన్నె అడుగున ఈ పీట ఇంత ఎత్తుగా ఎందుకు పెట్టావు? వచ్చినవాళ్ళంతా అడుగుతున్నారు, నాకు చెప్పడం రావట్లేదు."

ఎనిమిది నెలల్లో ఆమె పనిని గురించి ఆమెని ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న. చెప్పడానికి ఊపిరి తీసుకుంది.

"నేను చెప్తా విను తమ్ముడూ," అన్నాడు ఖాయ్. "ఈ గిన్నె మా ఇంట్లో పుట్టింది! మా అమ్మ ఈవిడని అన్నం దగ్గర కూర్చోబెట్టింది. వేళ్ళు కాలీ కాలీ ఇదిగో, ఈ ఐడియా. సగం పేరు మా అమ్మకి రావాలి!"

కియెట్ నవ్వాడు. ఖాయ్ నవ్వాడు. ఉయెన్ కూడా నవ్వింది. ఆ నవ్వు తన నోటి నుంచి వచ్చిందని తెలిశాక చాప్‌స్టిక్‌లు కింద పెట్టేసింది.

"మట్టితో ఆడుకోవడం సరదా తనకి," ఖాయ్ ఇంకా చెబుతున్నాడు. "పిల్లలు పుట్టేదాకా కాలక్షేపం."

ఆడుకోవడం. పందొమ్మిది గిన్నెలు పగిలాయి, ఇరవయ్యోది నిలబడటానికి. పీట ఎత్తయితే గిన్నె తూలేది, తగ్గిస్తే వేలు పట్టేది కాదు. పెళ్ళయిన మూడో నెల, చలికాలం, పొగలు కక్కే గిన్నెలు ఒకదాని వెంట ఒకటి ఆమె చేతుల్లోకి వచ్చేవి. 'నువ్వు తింటూ వడ్డిస్తే మెతుకులు పడతాయమ్మా, మావి అయ్యాక తిను' అన్నారు అత్తగారు. మామగారు ఏమీ అనరు, ఖాళీ గిన్నె అంచు మీద చాప్‌స్టిక్‌తో టక్ అని ఒక్క దెబ్బ. 'వదినా, ఆ అన్నం హస్తం నీ చేతికే అందం' అంది ఆడబిడ్డ, ముద్దుగానే. అందరూ ముద్దుగానే అన్నారు. అందుకే దేనికీ బదులు చెప్పడానికి వీల్లేకపోయింది. రెండో విడత, మూడో విడత అయ్యి తన గిన్నె తను నింపుకునేసరికి కుక్కరు అడుగున చల్లబడ్డ గట్టి మెతుకులే ఉండేవి. బొబ్బలెక్కిన వేళ్ళు చూసుకుంటూ కార్ఖానాలో మధ్యాహ్నం పూట కాగితం మీద ఒక గీత గీసింది. ఆ గీతే ఈ పీట. సగం పేరు అత్తగారికట. మరి కాల్చిన నిప్పుకి ఎంత ఇద్దాం?

కియెట్ లోపలికి వెళ్ళాక ఖాయ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అలా ఉన్నావేంటి? రేపటి సంగతేనా? కంగారు పడకు, నేను చూసేశాను."

"ఏం చూశావు?"

"మధ్యాహ్నం న్యాన్ పిన్నికి ఫోన్ చేశా, రేపు నువ్వు రావని. అమ్మ మరీ మరీ అంది, కొత్త కోడలు పొద్దున్నుంచీ కనిపించకపోతే చుట్టాలేమనుకుంటారని. నువ్వు చెప్పడానికి మొహమాటపడతావుగా, అందుకే నేనే చెప్పేశా."

"నేను రోల్స్ చుడుతున్నప్పుడా?"

"ఆఁ, అప్పుడే."

"పిన్ని ఏమంది?"

"ఎవరో పాత మేస్త్రీ ఉన్నాడటగా, ఆయన ఏరతాడట. ముద్ర కార్ఖానాదే వేస్తారట. ఏముందిలే, గిన్నె నీదేగా. పేరు ఎవరిదైతే ఏంటి?" ఆమె చెంప మీది వెంట్రుకని చెవి వెనక్కి సర్దాడు. "మొగుడన్నాక ఆమాత్రం చెయ్యొద్దూ?"

అదే వేలు. హెల్మెట్ పట్టీ దగ్గర అడ్డం పెట్టిన వేలు. ఎంత మృదువుగా సర్దుతాడు ఈ మనిషి! జుట్టుని సర్దినంత తేలిగ్గా తన పేరుని కూడా పక్కకి సర్దేశాడు. అరిచి ఉంటే బావుండేది. తాగి తిట్టి ఉన్నా బావుండేది. ఈ ప్రేమని ఎక్కడ పట్టుకుని విదిలించుకోవాలో ఆమెకి తెలియలేదు.

అప్పుడు మట్టికుండ వచ్చింది. పాములాంటి మలుగు చేపతో, అల్లంలాంటి దుంపరాష్ట్రంతో ఉడికిన అన్నం. వడ్డించే అమ్మాయి ఇద్దరినీ ఒకసారి చూసి, కుండనీ హస్తాన్నీ తెచ్చి ఉయెన్ పక్కనే పెట్టింది. క్షణం ఆలోచించలేదు. మూత తీయగానే ఆవిరి లేచింది. ఖాయ్ ఫోనులో ఏదో చూసుకుంటూ, తలెత్తకుండా, గిన్నె చాపాడు.

ఆమె గిన్నె. కాలకుండా పట్టుకోవడానికి ఆమె కనిపెట్టిన పీట. దాన్ని మునివేళ్ళతో హాయిగా పట్టుకుని ఆమె వైపే చాపాడు.

అలవాటు కొద్దీ రెండు చేతులతో అందుకుంది. హస్తం కుండ అడుగు దాకా దింపి, ఎర్రగా వేగిన మాడు పెచ్చు పెళ్లగించి గిన్నె నిండా పెట్టింది. పైన పెద్ద చేప ముక్క. ఖాయ్ చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఉయెన్ గిన్నెని తన ముందు పెట్టుకుని తినడం మొదలుపెట్టింది.

వేడి వేడి అన్నం. నాలుక చుర్రుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆగకుండా తింది.

"ఓయ్, నాదీ?" ఖాయ్ నవ్వబోయి ఆగాడు.

"కుండ అక్కడే ఉంది."

"ఉయెన్, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. పీట ఎందుకంత ఎత్తో వాళ్ళకీ తెలుస్తుంది."

టేబుల్ మీద ఖాయ్ ఫోను మోగింది. తెర మీద 'అమ్మ'. అతను అందుకునేలోపు ఉయెన్ అందుకుంది.

"ఖాయ్, రోల్స్ ఎక్కడ పెట్టిందో అడుగు..."

"నేనేనమ్మా. రోల్స్ ఫ్రిజ్‌లో కింది అరలో ఉన్నాయి, నూట ఇరవై. ఇంకో మాట. ఇప్పుడే న్యాన్ పిన్నికి ఫోన్ చేసి చెబుతాను, రేపు ఆరింటికి నేనే వస్తున్నానని. బట్టీ తెరిచి, నా గిన్నెలు నేనే ఏరుకుంటాను. పదకొండుకి ఇంటికొచ్చి తాతగారికి దండం పెట్టుకుంటాను." ఎదురుగా ఖాయ్ ఖాళీ చేతుల వైపు చూసింది. "భోజనాల దగ్గర అన్నం కుక్కరు పక్కన మీ అబ్బాయి కూర్చుంటాడు. నేను గిన్నె చాపుతాను."