అంకాలమ్మ చూసిన పోలండు సినిమా

రంగుల్లేవు, పాటల్లేవు, మాట ఒక్క ముక్క అర్థమై చావదు. అయినా అంకాలమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. లేచి ఎక్కడికి పోతుంది పాపం, గడప దాటొద్దని గట్టిగా చెప్పి మరీ దించిపోయారు.

ఆమె మొగుడు సుబ్బన్నను కొండాపురం దగ్గర వాళ్ళ ఊళ్ళోనే, గొర్రెల దొడ్డి ముందర నరికారు. నరికిన ఎదుటి వర్గం ఓబయ్యను ఆమె కళ్ళారా చూసింది. ఏళ్ళు గడిచాయి. ఊరికి ఊరే గండికోట ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోయాక, ఇప్పటికి సాక్ష్యం చెప్పే రోజొచ్చింది. రేపే, జమ్మలమడుగు కోర్టులో. సాక్షిని అవతలి వర్గం ఎత్తుకుపోకుండా ముందే దాచిపెట్టడం అక్కడి రివాజు. అందుకే వాళ్ళ నాయకుడి మనుషులు ఆమెను ప్రొద్దుటూరులో నూర్ అహ్మద్ ఇంట్లో ఉంచారు. ఏ వర్గంతోనూ పొత్తులేని మనిషి. ఒకప్పుడు సినిమా హాల్లో ఆపరేటరు, ఇప్పుడు దేశదేశాల పాత సినిమాలన్నీ ఇంట్లోనే చూస్తుంటాడు.

"ఇది ఏ ఊరప్పా?" అంది అంకాలమ్మ.

"పోలండు అక్కా. యుద్ధం నాటి కథ."

"ఈళ్ళల్లో మన పార్టీ ఏది?"

నూర్ అహ్మద్ నవ్వబోయి ఆగాడు. "ఇనప టోపీలోళ్ళు ఊరి మీద పడినోళ్ళు. తక్కినోళ్ళు ఊరోళ్ళు."

తెర మీద అంతా మంచు. సైనికులు ఒక శవాన్ని బండిలో వేసుకుని ఇంటింటి ముందూ ఆపుతున్నారు. మీవాడేనా అని అడుగుతున్నారు. ఒక ఇంట్లోంచి శాలువా కప్పుకున్న ఆడమనిషి వచ్చి శవాన్ని చూసింది. తల అడ్డంగా ఊపింది. బండి ముందుకు పోయింది.

"ఆ సచ్చినోడు ఆయమ్మ మొగుడే," అన్నాడు నూర్ అహ్మద్.

అంకాలమ్మకు ఒళ్ళు మండిపోయింది. "థూ, దాని బతుకు చెడ. కట్టుకున్నోన్ని కాదంటాదా? దానికన్నా కుక్క నయం."

నూర్ అహ్మద్ బొమ్మను వెనక్కి తిప్పాడు. "ఆ కిటికీ చూడక్కా."

అద్దం వెనక పసిబిడ్డ ముఖం ఉంది. నా మొగుడే అంటే ఇల్లు తగలబెడతారట, బిడ్డతో సహా. అంకాలమ్మ టీవీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

సాయంత్రం ఆమె కొడుకు పెంచలయ్య వచ్చాడు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"మా, రాజీ అయిపోయింది. నిన్న పులివెందులలో కూర్చుని మాట్లాడుకున్యారు. మన నాయకుడు వాళ్ళ పార్టీలో చేరిపోయినాడు. రేపు నువ్వు ఓబయ్యను చూళ్ళేదని చెప్పు."

"సచ్చింది మీ నాయన రా."

"తెలుసు మా. నువ్వు నిజం చెప్తే, రేపు సచ్చేది నేను."

ఆంబోతుల పోట్లాటలో లేగదూడలు నలుగుతాయంటారు. ఆంబోతులు ఒకటైనా నలిగేది ఆ లేగలేనని ఎవడూ చెప్పడు. కొడుకు ముఖం చూసి అంకాలమ్మ సరేనంది.

మరునాడు కోర్టులో బోనెక్కింది. ఎదురుగా ఓబయ్య, జుట్టు నెరిసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గుమ్మం దగ్గర పెంచలయ్య ఓబయ్య మనుషులిద్దరి మధ్య ఉన్నాడు.

"ఈయన్ని ఆ రోజు అక్కడ చూసినావా?" అని సర్కారు వకీలు అడిగాడు.

"చూళ్ళేదు సార్."

వకీలు ముందే ఊహించినట్టున్నాడు. పని ముగించేవాడిలా ఒక ఫోటో ఆమె ముందు పెట్టాడు. దొడ్డి ముందర వెల్లకిలా పడున్న సుబ్బన్న.

"ఈయన ఎవరమ్మా?"

రాజీలో ఈ ప్రశ్న లేదు. దీనికి అబద్ధం చెప్పమని ఆమెను ఎవరూ అడగలేదు. మా ఆయన సార్ అంటే సరిపోయేది, ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. కానీ ఆ ఒక్క మాట నోరు దాటితే దాని వెంటే కొడవలీ, ఓబయ్య పేరూ, అన్నీ బయటికొచ్చేస్తాయి. ఆపడం తన వల్ల కాదు. కొడుకు వైపు చూడకుండా తల అడ్డంగా ఊపింది.

"ఎవురో నాకు తెలీదు సార్."

జడ్జి రాస్తున్నవాడల్లా తలెత్తాడు. వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. "మా," అన్నాడు పెంచలయ్య.

వకీలు ఫోటోను మరింత దగ్గరికి జరిపాడు. "బాగా చూడమ్మా."

ఆమె బాగా చూసింది. తలకు చుట్టిన ఆ తువ్వాలు, ఆ పొద్దున తను ఉతికి ఇచ్చిందే.

"తెలీదు సార్," అంది మళ్ళీ.