సగం జపానికే తెగిన పూసలు

గాజు అంచున పూసల వలయం.

చిన్నవి. తెల్లనివి. ఒకదాని భుజాన ఒకటి ఆనుకున్నవి.

గ్లాసును ఒక్కసారి కుదిపితే తెల్ల రమ్ము పైకెగసి, తిరిగి దిగిపోతూ, అంచు వెంట ఆ బుడగల పూసలను గుచ్చి వెళుతుంది. మార్తినీక్ దీవి రమ్ము బట్టీలలో దాన్ని జపమాల అంటారు.

హెర్మాన్స్ పెదవులు కదపకుండా, మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం మొదలుపెట్టింది. ముప్ఫై నాలుగేళ్లుగా ఆమె గడియారం అదే. మంచి రమ్మయితే జపం ముగిసి ఆమెన్ అనేదాకా పూసలు నిలుస్తాయి.

సగంలోనే తెగిపోయాయి.

మళ్లీ కుదిపింది. మళ్లీ జపం. మళ్లీ సగంలోనే…

గ్లాసును ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

ఏమీ లేదు.

అప్పుడే నరికిన చెరకు లేదు. మంచు ఆరని గడ్డి లేదు. మిరియపు ఘాటు లేదు. పండీ పండని అరటి లేదు. ఉండవలసినవన్నీ ఆమెకు కంఠస్థం. ఉండవలసిన చోట ఏ ఒక్కటీ లేదు.

రమ్ములో లేవా? ముక్కులో లేవా?

అదే తెలియడం లేదు.

వెనకటి వానాకాలంలో జ్వరం వచ్చింది. పదకొండు రోజులుండి పోయింది. పోతూ పోతూ వాసనను వెంటబెట్టుకు పోయింది. కాఫీ ఉత్త వేడినీళ్లయింది. సముద్రం చప్పుడుగా మాత్రమే మిగిలింది. చర్చిలో సాంబ్రాణి పొగ కళ్లకు కనిపించి, అక్కడే ఆగిపోయింది. నెలలు గడిచాక కొన్ని తిరిగి వచ్చాయి — వచ్చాయనే అనుకుంది. నిజంగా వచ్చాయో, జ్ఞాపకమే వాసన వేషం కట్టిందో…

ఎవరికీ చెప్పలేదు. ఫాదర్‌గారికి మాత్రం చెప్పింది. ఇది దేవుడు పెట్టిన పరీక్ష అన్నారాయన. పరీక్ష అయితే ప్రశ్న ఏమిటో తెలియాలి కదా అని ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపానికి మరొకసారి పాపసంకీర్తనం చేయవలసి వచ్చింది.

కొండ కింద ఉన్న ఆ చిన్న బట్టీలో ఎర్రమూత సీసా అన్నిటికంటే చవక. పీపాలో నిద్రపోయి బంగారు రంగు తేలినవి, మెడకు రిబ్బను కట్టినవి, అద్దాల బీరువాలో ఉంటాయి. ఎర్రమూత ఇళ్లలో ఉంటుంది. రొట్టె పక్కన, ఉప్పు పక్కన, రోజూ చేయి తగిలే చోట.

అందుకే పెద్ద యజమాని ఒక కట్టడి చేసి పోయాడు. హెర్మాన్స్ తల ఊపనిదే ఎర్రమూత బిగించకూడదు.

ఆయన పోయాడు. కట్టడి ఉంది. రమ్ము మారింది.

ఆయన కొడుకు సిల్వేర్ మంచివాడు. అదే చిక్కు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేది. మూడు రోజులు పులియవలసిన చెరకు రసాన్ని ఒక్క రోజుకే బట్టీకెక్కించాడు. నెలల తరబడి నీళ్లు కలుపుతూ, తిప్పుతూ, ఊరనివ్వవలసిన రమ్మును మూడు వారాలకే వడగట్టాడు. హోటళ్లకు ఇలాంటిదే కావాలట. దేనిలో పోసినా కలిసిపోవాలట. హోటళ్లు కొంటేనే బట్టీ పొగ ఆగకుండా ఉంటుందట. ఇందులో ఒక్క అబద్ధమూ లేదు.

పూసల మాట ఎత్తితే, నవ్వకుండానే జవాబిచ్చాడు.

"పిన్నీ, పూసలు చెప్పేది బలాన్ని. రుచిని కాదు. నాన్న కూడా చివర్లో కొలబద్దనే నమ్మాడు."

అదీ నిజమే కావచ్చు. కన్ను సాక్ష్యం చెల్లదు. ముక్కు సాక్ష్యం… ముక్కు సంగతి ఆమెకు తెలుసు.

మార్చి నెల. గానుగ ఆడుతోంది. పిప్పి కుప్పల మీదుగా గాలి సముద్రం వైపు పోతోంది. బట్టీ వసారాలో పొడవాటి బల్ల. కొత్త రమ్మును రుచి చూసి తేల్చడానికి బల్ల చుట్టూ నలుగురు. హెర్మాన్స్. ఆమె ఈడువాడు, యాభై ఏళ్లు చెరకు నరికిన తెయొదూల్. చిల్లరకొట్టు ఫుల్బేర్. పట్నం హోటల్లో పానీయాలు కలిపే జొస్లిన్. ఒక్కొక్కరి ముందు ఒక కాగితం. కాగితం మీద రెండు గళ్లు.

ఉత్తగా తాగడానికి. కలిపి తాగడానికి.

కలిపి తాగేదాంతో మొదలుపెడదామన్నాడు సిల్వేర్. బల్ల మధ్య సీసా పెట్టాడు. నిమ్మకాయలు, చెరకు పాకం, చిన్న కవ్వంపుల్లలు పెట్టాడు. పెట్టి, వెనక్కి జరిగాడు.

ఆ దీవిలో ఒకరి గ్లాసు మరొకరు కలపరు. ఇంటికి ఎవరొచ్చినా అంతే. సీసా, నిమ్మ, పాకం ముందు పెట్టి చేతులు ముడుచుకుంటారు. ఎంత తీపి, ఎంత పులుపు, ఎంత మంట — అది తాగేవాడి సొంత వ్యవహారం. అందులో చేయి పెట్టడమంటే మనిషి మనసులో చేయి పెట్టడమే.

కాబట్టి ఎవరిది వారు కలుపుకున్నారు. తెయొదూల్ మూడు చెంచాల పాకం. ఫుల్బేర్ ఒక్క చుక్క. జొస్లిన్ నిమ్మ అంచును నాణెమంత కోసి, రెండు వేళ్లతో నలిపి వేసింది. కవ్వాలు తిరిగాయి. గుటకలు పడ్డాయి. పెన్సిళ్లు కదిలాయి.

బాగుంది. బాగుంది. బాగుంది.

హెర్మాన్స్ మూడు కాగితాలనూ చూసింది. 

వీళ్లు రమ్మును రుచి చూడలేదు. వీళ్ల చేతిని వీళ్లు రుచి చూసుకున్నారు. రోజూ కలుపుకునే పాకాన్నే, రోజూ పిండుకునే నిమ్మనే మెచ్చుకున్నారు. ఇందులో రమ్ము ఎక్కడ? ఉందో లేదో చెప్పమంటే, ఉన్నవాటి పేర్లు చెబుతారేమిటి?

ఆమె లేచింది. నాలుగు గ్లాసులు వరసగా పెట్టింది. నాలుగింటిలో ఒకే కొలత రమ్ము పోసింది. ఒకే కొలత పాకం. ఒకే కొలత నిమ్మ. తన చేత్తో కోసి, తన వేళ్లతో పిండి, తన కవ్వంతో తిప్పి, ఒక్కొక్కటీ ఒక్కొక్కరి ముందు పెట్టింది.



తెయొదూల్ గ్లాసు వైపు చూశాడు. ముట్టుకోలేదు.

"నలభై ఏళ్లు కాపురం చేసింది నా పెళ్లాం. ఒక్కనాడు నా గ్లాసులో చెంచా పెట్టలేదు. నువ్వెవరివే, హెర్మాన్స్?"

"పెళ్లాన్ని కాను కాబట్టే పెట్టాను. తాగు."

తాగాడు. అందరూ తాగారు. ఆమె వాళ్ల ముఖాలనే చూస్తోంది. ఇప్పుడైనా… ఇప్పుడైనా ఎవరి నుదురైనా ముడిపడుతుందని. ఏదో తక్కువైందని, ఫలానాది రాలేదని, ఒక్కరైనా అంటారని.

తీపి చాలలేదన్నాడు తెయొదూల్. తీపి ఎక్కువైందన్నాడు ఫుల్బేర్. నిమ్మ ఇంకొంచెం పడాలన్నాడు మళ్లీ అతనే.

రమ్ము గురించి ఎవరూ ఏమీ అనలేదు.

రమ్ము గురించి ఎవరూ ఏమీ అనరు.

జొస్లిన్ ఒక్కతే ఆమె బాధ కనిపెట్టింది. మెల్లగా చెప్పింది — "దీని మంచితనమే అదమ్మా. అనాసలో పోయండి, కొబ్బరిపాలల్లో పోయండి, దేనికీ అడ్డు రాదు."

"అడ్డు రానిదాన్ని పోయడం దేనికి తల్లీ? నీళ్లు పోసుకోవచ్చుగా."

జొస్లిన్ తల వంచుకుంది. ఆ పిల్ల తప్పేముంది? హెర్మాన్స్‌కు తన మీదే చిరాకు. ఈ మాట తను రమ్మును చూసి అన్నదా? తన లోపలి శూన్యాన్ని చూసి అన్నదా?

ఇక ఉత్తగా తాగే గడి మిగిలింది.

ఉత్తగా తాగడమంటే తెల్లవారుజామున చెరకు తోటకు పోయే ముందు నిలబడి తాగే గుక్కెడు. పాకం లేదు. నిమ్మ లేదు. దాక్కోవడానికి చోటు లేదు. ఆ గుక్కెడు ఎరిగినవాడు ఆ బల్ల దగ్గర ఒక్కడే. తెయొదూల్ చేతికి చిన్న గ్లాసు ఇచ్చింది. ప్రాణమంతా కళ్లలో పెట్టుకుని నిలబడింది.

అతను ఎత్తాడు. దించాడు. పైన మంచినీళ్లు తాగాడు.

"కాలింది," అన్నాడు.

"కాలాక?"

"కాలాక ఏముంటుంది? చవకది కదా. చవకదాన్ని నోట్లో నిలుపుకుంటామా, దించేస్తాం గానీ."

యాభై ఏళ్లు. ప్రతి ఉదయం. దించేశాడంతే.

మరి తను ఎవరికోసం కాపలా కాసింది? ముప్ఫై నాలుగేళ్లు ఎవరి నాలుక కోసం, పూసలు తెగితే పీపాకు పీపా వెనక్కి పంపింది? పెద్ద యజమాని ఆమె మాట కాదనలేదు. తాగేవాళ్లు ఆమె మాట వినలేదు. రోజూ బల్ల మీదుండేది నీతిగా ఉండాలని ఆమె అనుకుంది. ఆమె ఒక్కతే అనుకుంది.

సిల్వేర్ కాగితం ముందుకు జరిపాడు. సీసాలు నిండి ఉన్నాయనీ, మూతలు విడిగా ఉన్నాయనీ, ఆమె మాట కోసమే ఆగాయనీ చెప్పాడు.

ఊ అంటే — ఇకమీద ఎర్రమూత ఇదే. పాతది ఎలా ఉండేదో చెప్పేవాళ్లు కూడా మిగలరు.

ఊహూ అంటే — ముక్కు చచ్చిన ముసలిది ఒక బట్టీని ఆపినట్టు.

"రేపు చర్చిలో పూజ అయ్యాక చెబుతాను," అంది. రెండు గళ్లూ ఖాళీగానే ఉన్న కాగితాన్ని మడిచింది. కొత్త సీసా ఒకటి చంకన పెట్టుకుంది. నడిచింది.

గేటు దాకా తెయొదూల్ వెంట వచ్చాడు.  రోడ్డు వైపు చూస్తూ అన్నాడు.

"వానాకాలం నుంచీ మా వాకిట్లో జామపళ్లు రాలి కుళ్లుతున్నాయి. ముందయితే ఆ కంపుకు, చర్చికి పోతూ రోడ్డు మీంచే తిట్టేదానివి, ఊడ్చి చావవేంరా అని."

ఆమె ఆగిపోయింది.

"ఊడ్చలేదు. కావాలనే," అన్నాడతను. "ఎప్పుడు తిడతావా అని చూస్తున్నాను."

ఆమె తిట్టలేదు. అందుకు కూడా అతనే కారణమైనట్టు, గేటు విసురుగా వేసి వెళ్లిపోయింది.

దారి పొడవునా చెరకు. గాలికి వంగే చెరకు, లేచే చెరకు. వంగేటప్పుడు ఒక చప్పుడు, లేచేటప్పుడు ఒక చప్పుడు. వాసన మాత్రం… వెతకడం మానేసింది. వెతికే కొద్దీ, లేనిది మరీ లేకుండా పోతోంది.

ఇంటికొచ్చి ముఖం కడుక్కోబోయి, చేతులు ముఖం దాకా తెచ్చింది.

నిమ్మ.



వేళ్ల సందుల్లో నిమ్మ. గోళ్ల కింద నిమ్మ. నాలుగు గ్లాసులకు పిండిన నిమ్మ — పచ్చగా, పదునుగా. వచ్చిందా? నిజంగా వచ్చిందా? లేక యాభై ఏళ్లుగా నిమ్మ కోసిన చేతులు కాబట్టి, చేతులే చెబుతున్నాయా?

కడుక్కోలేదు. తడి తగిలితే ఆ వాసన పోతుందేమోనని భయం వేసి, పొడి చేతులతో అలాగే నిలబడింది.

అలమరలో, తెల్ల దుప్పట్ల వెనక, నిరుటి ఎర్రమూత సీసా ఒకటుంది. ఊళ్లో మిగిలిన చివరిది అదే. మిగతావన్నీ క్రిస్మస్‌కే అయిపోయాయి. జ్వరం తగ్గాక కూడా దాని మూత ఆమె తీయలేదు. తీస్తే తెలిసిపోతుంది. కొత్తదానిలో ఏమీ లేదంటే కొత్తదాన్ని తిట్టవచ్చు. పాతదానిలోనూ ఏమీ లేకపోతే…

ఆ సీసాను ఇన్నాళ్లు దాచింది రుచి కోసం కాదు. తెలియకుండా ఉండడం కోసం.

కిటికీలోంచి సాయంకాలపు ఎండ బల్ల మీదికి వచ్చింది. కాగితాన్ని విప్పి, ముడతలు చదును చేసింది. రెండు గళ్లు. రెండు గ్లాసులు. ఒకదానిలో కొత్తది పోసింది. పాత సీసా మెడ పట్టుకుంది. ఎర్రమూత గట్టిగా బిగిసి ఉంది — ఆమె తల ఊపాక బిగించిన మూత. తిప్పింది. తిరగలేదు. గౌను అంచుతో పట్టి, పళ్లు బిగించి, మళ్లీ తిప్పింది.

టక్ మంది.

పోసింది. ఎడమచేత కొత్తది. కుడిచేత పాతది. రెంటినీ ఒక్కసారే కుదిపింది.

గాజు అంచున పూసల వలయం. పక్కనే మరో వలయం.

హెర్మాన్స్ కళ్లు మూసుకుంది. కుడి గ్లాసును మెల్లగా ముఖం దాకా ఎత్తుకుంది.

మంగళవార్త జపం మొదలైంది. సగానికి వచ్చింది…