కడిగిన ఫ్లాపీ

లూదియా నంద్యాలలో చేసేది కంప్యూటర్ పని కాదంట, అంట్లు తోమే పనంట. ఈ కబురు మోసుకొచ్చింది ఎదురింటి చెన్నమ్మ. మనవరాలికి గాజులు కొనడానికి నంద్యాల పోయిన చెన్నమ్మ, మహానందయ్య శెట్టి దుకాణం పక్క మేడమెట్ల కింద కొళాయి దగ్గర లూదియా కొంగు దోపుకుని, పళ్లెంలో సబ్బునీళ్లు పోసి ఏదో కడుగుతుండగా కళ్లారా చూసిందంట. "పాపం, చదువుకున్న పిల్ల" అని నిట్టూర్చింది కూడానంట. అత్త దేవమ్మకు అంట్ల కంటే ఆ "పాపం" అన్న మాటే ఎక్కువ మండింది.

నిజానికి చెన్నమ్మ చెప్పిన దాంట్లో సగం అబద్ధం కాదు. లూదియా సబ్బునీళ్లలో కడిగిన మాట వాస్తవమే. కడిగింది మాత్రం మొగుడి ఫ్లాపీని. యేసురత్నం ఆళ్లగడ్డ కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్. సేద్యంలో ఆడవాళ్లు చేసే, లెక్కకు రాని చాకిరీ మీద ఎంఫిల్ పుస్తకం రాస్తున్నాడు. రాయడం అతని వంతు, శెట్టి మేడ మీది కంప్యూటర్ సెంటర్లో తన పని ముగించుకున్నాక కూర్చుని అదంతా టైపు కొట్టి ఫ్లాపీలోకి ఎక్కించడం ఆమె వంతు. మొదటి పేజీలో కృతజ్ఞతలు కొడుతూ, గైడు పేరు, ప్రిన్సిపాల్ పేరు, కన్నతల్లి దేవమ్మ పేరు దాటాక, ఇంకో పేరు వస్తుందేమోనని ఆమె వేళ్లు కాసేపు ఆగాయి. రాలేదు. అక్కడ ఫుల్‌స్టాప్ కూడా తనే పెట్టింది. ఇంకో ఫ్లాపీలోకి నకలు తీసి పెడతానంటే, ఒకటి చాలదా, నీకన్నీ అనుమానాలే అన్నాడు. పుస్తకం పూర్తయ్యాక ఆ ఒక్కదాన్నీ ఇంటికి తెప్పించుకుని, ఆదివారం ఆరాధన విడిచాక వచ్చిన సంఘపెద్దలకు చూపించాడు. నా కష్టమంతా ఇందులోనే ఉండాదప్పా అన్నాడు. ఉగ్గాని, బజ్జీలు తింటున్న చేతులన్నిట్లో ఆ నల్లటి అట్ట తిరిగింది. అట్టకున్న సందులోంచి కనిపించే గోధుమరంగు రేకును ఒక పెద్దాయన బొటనవేలితో రుద్ది చూశాడు. ఆఖర్న దాని మీద టీ గ్లాసు పెట్టి ఒలకబోసిన మనిషి యేసురత్నమే. మర్నాడు కంప్యూటర్ దాన్ని చదవనని మొండికేస్తే, "నీ చేతిలో పెట్టింది ఏదీ నిలవదు" అని ఆమెనే అన్నాడు. ఆ మాట ఆమెకు కొత్త కాదు. కడుపు పోయినప్పుడు కూడా ఇదే మాట అన్నాడు.

పాడైన ఫ్లాపీల నుంచి ఫైళ్లు వెనక్కి తెచ్చే ప్రోగ్రాం ఒకటి సెంటర్లో ఉంది. దానితో పాటు వచ్చిన పుస్తకాన్ని లూదియా బస్సులో పోతూ వస్తూ చదివింది. అట్ట అంచును బ్లేడుతో కోసి, లోపలి గుండ్రటి రేకును బయటికి తీసి, సబ్బునీళ్లలో జిడ్డు పోయేలా కడిగి, పాత మల్లు పంచె మీద ఆరబెట్టి, వేరే ఫ్లాపీ అట్టలోకి దూర్చింది. తర్వాత ప్రోగ్రాం నడిపింది. చెడిన చోటు తగిలినప్పుడల్లా అది తెర మీద ఒకటే ప్రశ్న అడిగేది: ఆపెయ్యాలా, మళ్లీ చదవాలా, వదిలేసి ముందుకు పోవాలా? ఇంట్లో రాత్రికి ఏ కూర చేద్దామని కూడా తనను ఎవరూ అడగరు, చేశాక ఉప్పెక్కువైందని మాత్రం చెప్తారు. ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా, అడిగినందుకు మర్యాదగా బదులు చెప్పినట్టు, మళ్లీ చదవమని కొట్టింది. ఒక పేజీ వచ్చేది, రెండో పేజీ మొరాయించేది. మళ్లీ కొట్టేది. ఈ పూట ఆఖరి పేజీ కూడా వచ్చేసింది. మొత్తం కొత్త ఫ్లాపీలోకి ఎక్కించి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, సంచిలో టిఫిన్ గిన్నె పక్కన పెట్టుకుంది. బస్సులో దారి పొడుగునా ఆ సంచిని ఒళ్లోనే పెట్టుకుని, ఈ మాట ఎట్లా చెప్పాలా అని తనలో తనే నవ్వుకుంటూ వచ్చింది. కృతజ్ఞతల పేజీలో ఇంకా చోటుందని కూడా అనుకుంది.

గడప తొక్కగానే దేవమ్మ అందుకుంది. ఆడ గూడా అంట్లు తోమేదే అయితే ఆ పని ఈడ తక్కువైందా, ఊళ్లో మా పరువు ఏం గాను అని. యేసురత్నం కుర్చీలోంచి లేవలేదు. ఏం కడిగావని అడగలేదు.

"గిన్నెలు కాదత్తా, ఫ్లాపీ" అంది లూదియా.

"ఏదైతేనేం. కడిగినావా లేదా?" అంది దేవమ్మ.

"రేపట్నుంచి ఆ పని మానుకో" అన్నాడు యేసురత్నం. "నలుగుర్లో నేను తలెత్తుకోవాల్నా వద్దా?" అంతలో ఏదో గుర్తొచ్చి, గొంతు తగ్గించాడు. "అవునూ, నా పుస్తకం వెనక్కి వచ్చిందా?"

లూదియా చెయ్యి సంచి మీదే ఉంది. రేపట్నుంచి బస్సు లేదు. తెర లేదు, ఆపెయ్యాలా అని అడిగేదీ లేదు. ఈ వంటిల్లు, ఈ గచ్చు, ఈ ఇద్దరు. వచ్చిందని ఒక్క మాట అంటే చాలు, అన్నీ తెల్లారేసరికి ముగిసిపోతాయి.

"సగం వచ్చింది" అంది.

అతను కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే. మిగతా సగం వచ్చేదాకా పో. వచ్చినాక మానెయ్." దేవమ్మ కూడా, అంతే మరి అన్నట్టు తలూపింది.

లూదియా సంచిని వంటింటి మేకుకు తగిలించింది. అందులో కడగని టిఫిన్ గిన్నె ఉన్నన్నాళ్లూ ఈ ఇంట్లో దాన్ని ఇంకెవరూ ముట్టరు. స్టవ్వు వెలిగించి, చాటలో బియ్యం పోసుకుని, గడప దగ్గర కూర్చుని రాళ్లు ఏరుతూ, తలెత్తకుండానే, మొగుడికి వినబడేలా అంది.

"అయితే ఆ మిగతా సగం రాదు."