చల్లగా ఉన్న కార్డు

కంప్యూటర్ల విషయంలో మా ఇంటిల్లిపాదికీ నేనే దిక్కు. లిఫ్టులు బాగుచేసుకునే నాకు ఆ పెత్తనం ఎవరూ ఇవ్వలేదు, నేనే పుచ్చుకున్నాను. మా అక్క కూతురు పిచ్చుకకు రెండేళ్ల కిందట ఆటల కంప్యూటర్ బిగించి ఇచ్చింది నేనే. తెర మీద ఆట బొమ్మల్ని గీసే గ్రాఫిక్స్ కార్డు కోసం నాలుగు దుకాణాలు తిరిగి, ఎవరో వాడి అమ్మేసినదాన్ని సగం ధరకు బేరమాడి తెచ్చాను. ఆ గొప్ప ఇప్పటికి వందసార్లు చెప్పుకుని ఉంటాను.

మొన్న శనివారం పొద్దున్నే పిచ్చుక ఫోన్ చేసింది.

"మామయ్యా, ట్యూషన్ డబ్బులతో ఏదో ఒక్క పార్టు కొనగలను. ఏది కొంటే ఎక్కువ లాభం?"

పదహారేళ్ల ఆ పిల్ల నలుగురి జట్టులో ఆడుతుంది. గురి చూసి కాల్చే ఆట. ప్రతిసారీ అరక్షణం వెనకబడుతోందట. ఆదివారం పోటీలో కూడా అంతే అయితే ఆమె బదులు ఇంకొకర్ని పెట్టుకుంటామని మిగతా ముగ్గురూ చెప్పేశారు.

"అసలు లోపం కంప్యూటర్‌ది కాదేమో. నా చేతులే మొద్దేమో. రేపు కూడా ఇంతే అయితే మానేస్తాలే," అంది. నవ్వుతూనే అంది గానీ నా మనసు చివుక్కుమంది.

కొనేముందు అరువు తెచ్చి చూడాలనేది నా పద్ధతి. నా కంప్యూటర్లోంచి మెమరీ ముక్క ఊడదీసి, జేబులో వేసుకుని వెళ్లాను. ఖాళీగా ఉన్న గాడిలో దాన్ని బిగించాం. ఆట కాస్త కదిలింది కానీ తడబాటు పోలేదు. బొమ్మ నాణ్యత తగ్గించి చూశాం. మళ్లీ కాస్త కదిలింది, అంతే. నాకు పంతం పెరిగింది. ఎక్కడో ఏదో అడ్డం పడుతోంది, అదేమిటి?

"ఈ కార్డు ఫ్యాన్లు ఎప్పుడూ తిరగవేం మామయ్యా?" అంది పిచ్చుక, పక్క మూత తీసిన పెట్టెలోకి తొంగి చూస్తూ.

"మంచి కార్డు కదే, దానికి చెమట పట్టదు." రెండేళ్లుగా నేను చెబుతున్న జవాబే.

"గంటసేపు ఆడినా పట్టదా?"

నేను వేలు పెట్టి చూశాను. పక్కన ప్రాసెసర్ ఫ్యాను గగ్గోలు పెడుతుంటే, కార్డు మాత్రం చల్లగా ఉంది. బరువు మోసే మోటారు వేడెక్కి తీరాలి. ఇరవై ఏళ్లుగా నా వేళ్లకు తెలిసిన సంగతే అది. పెట్టె వెనక్కి వంగి చూశాను. స్క్రీన్ నుంచి వచ్చే తీగ కార్డుకు తగిలించి లేదు. మదర్‌బోర్డుకు ఉన్న రంధ్రంలో ఉంది. అక్కడ గుచ్చింది నేనే. ఇన్నాళ్లూ బొమ్మనంతా ప్రాసెసరే ఈడ్చుకొస్తోంది. కార్డు ఊరికే కూర్చుంది.

పిచ్చుక నాకు మంచినీళ్లు తేవడానికి వంటగదిలోకి వెళ్లింది. తీగ మార్చడానికి అరనిమిషం చాలు. దుమ్ము పట్టి ఈమధ్యే మందగించింది, దులిపేశాను అంటే సరిపోతుంది. నా పరువూ దక్కుతుంది. చెయ్యి తీగ దాకా వెళ్లింది కూడా. కానీ అప్పుడు ఈ రెండేళ్ల ఓటములన్నీ ఆ పిల్ల చేతుల మీదికే పోతాయి. నాకు సిగ్గేసింది.

"ఇలా రావే," అని పిలిచి, తీగ ఎక్కడుందో, ఎక్కడుండాలో చూపించాను. తనచేతనే మార్పించాను.

ఆట మొదలవగానే ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. తెర మీద మనుషులు ఎక్కడా తడబడకుండా పరిగెత్తారు. ఎదురొచ్చినవాణ్ని వచ్చినట్టే పడగొట్టింది పిచ్చుక. ముగ్గుర్ని కొట్టాక ఉన్నట్టుండి ఆపేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"రెండేళ్లు, మామయ్యా. వాళ్లు నన్ను నత్త అని పిలుస్తారు, తెలుసా?"

"తప్పంతా నాదే తల్లీ."

ఆ ఇంట్లో ఆ మాట అనడం నాకదే మొదటిసారి. పరవాలేదులే అంటుందేమోనని చూశాను. అనలేదు. కోపంగా కళ్లు తుడుచుకుని, ఫోన్ తీసి జట్టుకు మెసేజ్ పెట్టింది.

"రేపు ఆటలో అందరికంటే ముందు నేను వెళ్తా."